ఏం పడిందో ఎవరూ చెప్పరు

తడిసిన లాప్‌టాప్‌ను బాగుచెయ్యమని నా దగ్గరకు తెచ్చినవాళ్ళలో, తడిసిందన్న మాట ముందుగా చెప్పినవాళ్ళు చాలా తక్కువ. "ఉన్నట్టుండి ఆగిపోయిందండీ" అంటారు. "రాత్రి బాగానే ఉంది, పొద్దున్నే లేవలేదు" అంటారు. పక్కకు వంచితే మీటల సందుల్లోంచి కాఫీ కారుతూ ఉంటుంది, అయినా "ఏం పడలేదండీ" అనే అంటారు. మొదట్లో నాకు కోపం వచ్చేది, నన్ను మోసం చేస్తున్నారని. పోను పోను తెలిసింది, ఆ అబద్ధం నా కోసం చెప్పేది కాదు. పక్కన నిలబడ్డ నాన్న కోసమో, మొగుడి కోసమో, అత్తగారి కోసమో చెబుతారు. నేను మధ్యలో వింటానంతే.

ఇప్పుడు రిపేరు బల్ల ఎత్తేశాను. సన్న పనికి కళ్ళు ఆనడం లేదు. మా తిరువూరులోనే కొందరు పిల్లలు ఈ పని నేర్చుకుని కొట్లు పెట్టుకుంటున్నారు. "కరుణమ్మక్కా, ఏదన్నా చెప్పు" అని అడుగుతారు. నోటితో చెబితే టీ తాగేలోపు మరిచిపోతారని రాయడానికి కూర్చున్నాను. నేను చదివింది ఏడో తరగతి. లాప్‌టాప్ లోపలి బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలను ఇప్పటికీ బొమ్మలు గుర్తుపెట్టుకున్నట్టే గుర్తుపెట్టుకుంటాను. కాబట్టి ఇందులో పెద్ద మాటలుండవు. ఎక్కువగా భయం గురించి ఉంటుంది. ఈ పనిలో నేను రోజూ చూసింది అదే మరి.

భద్రయ్య గారి బల్ల దగ్గర

బస్టాండు వెనక వీధిలో భద్రయ్య గారికి రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టుండేది. ఊడవడానికీ, ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టడానికీ నన్ను పెట్టుకున్నారు. నా వేళ్ళు సన్నగా ఉన్నాయని కొన్నాళ్ళకు టంకం పెట్టడం కూడా నేర్పారు. ఆయన మంచివాడని ఊరికే చెప్పను. నోరు చెడ్డది. నలుగురి ముందూ అరిచేవారు. "అది ముల్లంగి అనుకున్నావా కరుణమ్మా, అట్టా పీకుతున్నావ్" అనేవారు. వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను తల దించుకుని మళ్ళీ మెల్లగా తీసేదాన్ని.

కానీ భయం నేర్పింది ఆయనే. పాత టీవీ ప్లగ్గు పీకేసినా దాని పిక్చర్ ట్యూబులో చాలాసేపు కరెంటు నిలిచి ఉంటుంది. ఒకసారి అది ఆయన్ని కొడితే వెనక్కి పడి మోచెయ్యి విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ నిటారుగా చాచలేకపోయారు. ఆ వంకర చెయ్యి చూపించి, "ఆపేసిన వస్తువంటేనే నాకు భయం. చచ్చిందిగదా అని మనమే దగ్గరికి పోతాం" అనేవారు.

అంత భయం తెలిసిన మనిషి కూడా మొహమాటానికి లొంగిపోయారు. లాప్‌టాపులు వచ్చిన కొత్తలో రెడ్డిగూడెం నుంచి ఒక టీచరు గారు మజ్జిగ పడిన లాప్‌టాప్ తెచ్చారు. తెల్లవారితే పిల్లల మార్కులు పంపాలట. "ఒక్కసారి నొక్కి చూడండి భద్రయ్య గారూ, ఒక్కసారి" అని బతిమాలారు. లోపల తడి ఆరలేదని ఇద్దరికీ తెలుసు. అయినా నొక్కారు. రెప్పపాటు దీపం వెలిగింది. తరువాత తాలింపు మాడిన వాసన వచ్చింది. అంతే, బోర్డు పోయింది. టీచరు గారితో మాత్రం "మీరు తెచ్చేసరికే పోయిందండీ" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆయన నేర్పిన విద్య మీద నాకు గౌరవం తగ్గలేదు కానీ, ఆ రోజు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

తరువాత నేను సొంతంగా ఇంటి ముందు గదిలో బల్ల వేసుకున్నాక ఒక నియమం పెట్టుకున్నాను. తడిసి వచ్చినదాన్ని ఎవరు ఏడ్చినా నొక్కను.

చెయ్యాల్సింది, చెయ్యకూడనిది

తడిసిన లాప్‌టాప్ లేవకపోతే మనుషులు చేసే మొదటి పని మళ్ళీ మళ్ళీ నొక్కడం. రెండోది ఛార్జర్ పెట్టడం. నీళ్ళు పాడు చేసినదానికంటే ఆ రెండూ పాడు చేసిందే ఎక్కువ. తడి ఉన్నచోట కరెంటు నడిస్తే బోర్డు మీది రాగి అరిగిపోతుంది, ఆకుపచ్చగా చిలుం పడుతుంది. అందుకని ముందు ఛార్జర్ పీకాలి. ఆన్‌లో ఉంటే మీట గట్టిగా నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపాలి. తెరిచి, గుడారంలాగా బోర్లా నిలబెట్టాలి, లోపలి నీళ్ళు వచ్చిన దారినే కారిపోతాయి. ఆపైన విప్పగలిగినవాడి దగ్గరకు తేవాలి. మన ఎండల్లో పెట్టకూడదు, ప్లాస్టిక్కు వంకర తిరుగుతుంది. జుట్టు ఆరబెట్టే మిషనుతో ఊదితే నీళ్ళు ఇంకా లోపలికి పోతాయి. ఇక బియ్యం డ్రమ్ము. బియ్యం నీళ్ళు తాగేది పొయ్యి మీదనే. డ్రమ్ములో పెడితే తవుడు, నూకలు లోపలికి దూరడం తప్ప ఇంకేం జరగదు.

విప్పే ముందు మూడు సంగతులు అడగండి. ఏం పడింది, ఎప్పుడు పడింది, పడ్డాక మీరేం చేశారు. మంచినీళ్ళయితే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. టీ, కూల్‌డ్రింకు అయితే చక్కెర జిగురు కడగాలి. ఉప్పు తగిలిందంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు. సమాధానం వినేటప్పుడు చేతి వెనక భాగం లాప్‌టాప్ అడుగున ఆనించి ఉంచండి. ఆగిపోయిన వస్తువు చల్లగా ఉండాలి. వెచ్చగా ఉందంటే లోపల ఏదో నడుస్తోందన్నమాట.

పెనుగొలను నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు

నేను ఎక్కువగా భయపడ్డ రోజు గురించి చెబుతాను. మధ్యాహ్నం భోజనాలవేళ పెనుగొలను నుంచి అత్తాకోడళ్ళు వచ్చారు. కోడలి పేరు మౌనిక. లాప్‌టాప్ సంచిని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు ఆనించుకుని ఉంది. అత్తగారు రాఘవమ్మ గారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

"ఆంటీ, పొద్దున లాగిన్ అవుదామని చూస్తే లేవలా. ఛార్జర్ పెట్టాను, లేవలా. పైన కొంచెం తడి ఉంటే బియ్యంలో పెట్టాను. సాయంత్రంలోపు ఏదో ఒకటి చెయ్యండాంటీ."

"ఏం పడిందమ్మా?"

"ఏం పడలేదాంటీ. చుట్టుపక్కల నీళ్ళ గ్లాసు కూడా పెట్టుకోను నేను."

అది హైదరాబాదు కంపెనీ వాళ్ళ లాప్‌టాప్. ఆస్పత్రి బిల్లులు సరిచూసే పని, ఇంట్లోంచే చేస్తుంది. ఉద్యోగం ఇంకా ఖాయం చెయ్యలేదు. భర్త మామిడి లోడ్ల వెంట ఊళ్ళు తిరుగుతుంటాడు. ఇంట్లో మామగారికి ఈ పని మొదటినుంచీ ఇష్టం లేదు. ఆ పొద్దున ఆగిపోయిన లాప్‌టాప్ చూసి ఆయనన్న మాట మౌనిక నాకు చెప్పింది: "మంచిదైంది. దాన్ని వాళ్ళకు పంపించేసి ఇంటిపని చూసుకో." ఆ మాట చెబుతూ ఆ పిల్ల ఏడవలేదు. పెదవులు బిగబట్టుకుంది. లాప్‌టాప్ లేవకపోతే ఉద్యోగం పోతుంది, పోయాక ఇంకోటి వెతుక్కోవడానికి ఆ ఇంట్లో ఒప్పుకోరు. ఆ పిల్ల భయం అది.

నేను మాట్లాడుతూనే చెయ్యి వెనక్కి తిప్పి అడుగున ఆనించాను. వెచ్చగా ఉంది. దీపం లేదు, శబ్దం లేదు, ఛార్జర్ లేదు. అయినా జ్వరం వచ్చిన పిల్ల నుదురులా ఉంది. బల్ల మీద పెట్టి పక్కనుంచి చూశాను. వేలితో రాసే పలక, అదే టచ్‌ప్యాడ్, దాని అంచు ఒకవైపు పైకి లేచింది. దాని కింద ఉండేది బ్యాటరీ. ఉబ్బుతోంది.

ఉబ్బిన బ్యాటరీ ఏ క్షణాన్నయినా అంటుకోవచ్చు. పైకి మాత్రం మామూలుగానే, "అమ్మాయ్, వెనక వీధిలో ఇల్లు కడుతున్నారు, ఈ బక్కెట్టు నిండా ఇసుక పట్రా. నా పేరు చెప్పు" అన్నాను.

"ఇసుకెందుకాంటీ?"

"నువ్వు తే తల్లీ, చెప్తాగా."

ఆ పిల్ల వెళ్ళాక రాఘవమ్మ గారిని లోపలికి పిలిచాను. మీటల మధ్య అంచున పసుపు గీత ఒకటి కనిపిస్తోంది. వేలితో చూపించాను.

"వదినా, ఏం పడింది?"

"ఏం పడలేదండీ."

"పడకపోతే ఈ పసుపెక్కడిది?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "రాత్రి గ్రహణం గదండీ" అంది. "పొద్దున్నే విడుపు స్నానం చేసి ఇల్లంతా కడుక్కున్నా. కల్లుప్పూ పసుపూ కలిపిన నీళ్ళతో అన్నీ తుడిచా. దేవుడి పటాలు తుడిచినట్టే దీన్నీ తుడిచానండీ. మూత తీసి లోపల కూడా. పిల్ల రోజంతా దీని ముందే గదా కూర్చునేది. దోషమేదన్నా ఉంటే పిల్లకు తగులుద్దని..."

"గుడ్డ గట్టిగా పిండారా?"

"పిండితే ఉప్పూ పసుపూ నీళ్ళతోపాటే పోతయ్ గదండీ. పిండలా."

నేను నవ్వుతున్నానేమోనని ఆవిడ నా మొహంలోకి చూసింది. "మీరు చర్చికి పోయేవాళ్ళు, మీకు మా పద్ధతులు నవ్వులాటగా ఉంటయ్" అంది.

"నవ్వను వదినా. మా ఇంట్లో కొత్త మిక్సీ కొంటే పాస్టరు గారొచ్చి ప్రార్థన చేసి నూనె రాశారు. ఆ నూనె లోపలికి దిగి, మొదటి పచ్చడికే ఆగిపోయింది. నేనే విప్పుకుని తుడుచుకున్నాను."

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "మా ఆయనకు చెప్పమాకండి. కోడలికి కూడా. అది ఆ ఉద్యోగం కోసం ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. నా చేతులతో నేనే..." అని, ఆ చేతులవంకే చూసుకుంది.

చప్టా మీద

ఉప్పనగానే నాకు సంగతి అర్థమైంది. పిండని గుడ్డతో తుడిచిన ఉప్పునీళ్ళు, ఆపైన ఛార్జర్. అది బోర్డును పొద్దున్నుంచీ తింటూనే ఉండి ఉంటుంది. బ్యాటరీని కూడా ఏదో చేసింది. మౌనిక ఇసుక తెచ్చేలోగా లాప్‌టాప్‌ను పళ్ళెంలో పెట్టి పెరట్లో సిమెంటు చప్టా మీదకు చేర్చాను. దగ్గర్లో ఆరేసిన బట్టలు తీసేశాను. గ్యాసు బండ ఉన్న వంటింటి తలుపు మూశాను.

"ఇది విప్పి బ్యాటరీ తియ్యాలమ్మా, ఇప్పుడే" అని చెప్పాను.

మౌనిక అడ్డం వచ్చింది. "విప్పకూడదాంటీ! కంపెనీ వాళ్ళ స్టిక్కర్ ఉంది లోపల. అది చిరిగితే నన్ను ఉంచరు. వద్దులేండి, నేనే బస్సులో హైదరాబాదు తీసుకెళ్ళి ఇచ్చేస్తా."

"దీన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కుతానంటే నేను పంపను. బస్సులో పసిపిల్లలుంటారు. మీ సారుకు ఫోన్ చెయ్యి. ఉప్పునీళ్ళు తగిలాయని చెప్పు, వేడెక్కుతోందని చెప్పు."

"ఉప్పునీళ్ళా?" అని, ఆ పిల్ల అత్తగారి వైపు చూసింది. అత్తగారు నేల చూపులు చూస్తోంది. మౌనికకు అర్థమైందని నాకు తెలిసింది. ఫోన్ తీసింది. వాళ్ళ సారు ఎత్తలేదు. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. మేం ముగ్గురం పెరట్లో నిలబడి చప్టా మీది వస్తువును చూస్తున్నాం. పలక అంచు ఇంకాస్త లేచిందని నాకనిపించింది. నిజంగా లేచిందో, నా భయమో తెలియదు. వాళ్ళ అనుమతి తీసుకోకుండా విప్పితే పిల్ల బతుకుతెరువు పోతుంది. విప్పకపోతే ఏం జరుగుతుందోనన్న భయం. ఈ పనిలో నాకు అంత కష్టంగా గడిచిన ఎదురుచూపు ఇంకోటి లేదు.

ఫోన్ మోగింది. మౌనిక స్పీకరులో పెట్టింది.

"సార్, లాప్‌టాప్ మీద నీళ్ళు పడ్డాయి సార్. నేనే... తాగేటప్పుడు చెయ్యి తగిలి ఒలికినయ్."

ఆ మాట పూర్తయ్యేలోపే రాఘవమ్మ గారు ఫోన్ లాక్కున్నారు. ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో నోటి ముందు పెట్టుకున్నారు. "బాబూ, నేను వాళ్ళత్తను. పిల్ల అబద్ధమాడుతోంది. అది ఏం ఒలకబొయ్యలా. గ్రహణం పోయాక నేనే ఉప్పు పసుపు నీళ్ళతో తుడిచా. అది నిద్ర కూడా లేవలేదు అప్పటికి. తప్పు నాది బాబూ."

"దేంతో తుడిచారండీ?" అన్నాడతను.

"ఉప్పూ పసుపూనండీ. మంచి కల్లుప్పే."

నేను ఫోన్ తీసుకుని అసలు సంగతి చెప్పాను. "అమ్మా, బయటవాళ్ళు విప్పడానికి మాకు పర్మిషన్ లేదండి" అన్నాడు. "బాబూ, స్టిక్కరు సంగతి తరువాత చూసుకోవచ్చు. ఇది నా పెరట్లో కాలిందనుకో, రేపు నువ్వు కూడా జవాబు చెప్పాలి" అన్నాను. అతను ఎవరితోనో మాట్లాడాడు. చివరికి, "బ్యాటరీ వరకే తియ్యండి. ఫోటోలు పంపండి. బోర్డు ముట్టుకోవద్దు. ఆమె ఉద్యోగం గురించి మాత్రం నేను మాటివ్వలేను, పైవాళ్ళను అడగాలి" అన్నాడు.

వాళ్ళిద్దరినీ గోడ అవతలికి పంపాను. మీకు చెబుతున్నాను, ఉబ్బిన బ్యాటరీ దగ్గర తొందర పనికిరాదు, ఇనుప వస్తువు పనికిరాదు. స్క్రూలు తీసి అడుగు మూత లేపాను. ఉప్పు తెల్లగా పొంగి ఉంది, దాని పక్కనే ఆకుపచ్చ చిలుం. ముందు బ్యాటరీ వైరు ఊడదీశాను. అప్పటికే తియ్యటి మందు వాసన వస్తోంది. ఆ వాసన ఒకసారి తెలిస్తే మళ్ళీ మరిచిపోరు. అది వచ్చినప్పుడు మొహం పక్కకు తిప్పుకోండి. పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి కిందకు దూర్చి, పూరీని నూనెలోంచి చిరగకుండా తీసినట్టు, ఒక్కో అంచు లేపుకుంటూ పోయాను. మనసులో ప్రార్థన చేసుకున్నాను, ఏమన్నానో గుర్తు లేదు.

అది ఊడి వచ్చింది. సగం ఇసుక ముందే పక్కన పోసిపెట్టిన బక్కెట్టులో పడేసి, మిగతా ఇసుక పైన పోసి వెనక్కి జరిగాను. "అయిపోయిందా ఆంటీ?" అని మౌనిక గోడ అవతలినుంచి అడుగుతూ ఉండగానే ఇసుకలోంచి బుస్సుమని శబ్దం వచ్చింది. సన్నటి పొగ లేచి, చిక్కగా మారి, చాలాసేపటికి ఆగింది. ఆ పిల్ల గోడ మీదుగా చూసింది. తన ఒళ్ళోకి చూసుకుంది. బస్సు మాట మళ్ళీ ఎత్తలేదు.

ఫోటోలు పంపించాం. ఆ లాప్‌టాప్ మళ్ళీ వెలగలేదు. కంపెనీ వాళ్ళు దాన్ని తెప్పించుకుని, కొన్నాళ్ళు ఏ సంగతీ తేల్చకుండా, చివరికి ఇంకోటి పంపారని, పని ఖాయం చేశారని తరువాత తెలిసింది. కానీ ఆ సాయంత్రం మాకెవరికీ అది తెలియదు. ఉద్యోగం ఉన్నట్టా పోయినట్టా తెలియకుండానే ముగ్గురం చప్టా అంచున కూలబడ్డాం.

మీరు నేర్చుకోవాల్సింది స్క్రూలు తియ్యడం ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. నిజం చెప్పినవాళ్ళను తిట్టకండి, నవ్వకండి. ఆవిడ ఉప్పు మాట చెప్పకుండా ఉంటే నేను ఇంకాసేపు తటపటాయించి ఉండేదాన్ని. భయపడ్డ మనిషిని ఒంటరిగా అడగండి. చెప్పడానికి కాస్త సమయం ఇవ్వండి.

ఆ సాయంత్రం మేం చప్టా మీద కూర్చుని ఉండగానే రాఘవమ్మ గారి ఫోన్ మోగింది. ఆవిడ భర్త. గట్టిగా మాట్లాడే మనిషి, స్పీకరు లేకపోయినా మాకు వినపడింది.

"ఏమైందంట? పోయిందా లేదా? పోతే ఆ అమ్మాయిని ఇంక మానెయ్యమను. పైన తడి నేను చూళ్ళా? గ్లాసుడు నీళ్ళు చూసుకోలేనిది ఉద్యోగమేం చేసుద్ది?"

రాఘవమ్మ గారు లేచి నిలబడ్డారు. వంటింటి గోడకు చెయ్యి ఆనించుకున్నారు.

"నీళ్ళు పోసింది అది కాదు. నేను తడిపా."

అటునుంచి ఏదో అరుపు వినిపించింది. ఆవిడ ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని, అది అయ్యేదాకా ఆగింది. మళ్ళీ దగ్గరకు తెచ్చుకుంది.

"ఉద్యోగం ఉంటదో పోద్దో వాళ్ళు చెప్తారు. మీరు చెప్పమాకండి. ఇది పోతే ఇంకోటి చూసుకుంటది. మాకు ఇక్కడ పొద్దుపోద్ది. కూర గిన్నెలో ఉంది, అన్నం పెట్టుకు తినండి."

ఫోన్ పెట్టేసి ఆవిడ మళ్ళీ చప్టా మీద కూర్చుంది, గట్టిగా ఊపిరి తీసుకుంటూ. పొద్దున్నుంచీ కన్నీటి చుక్క రాల్చని మౌనిక అప్పుడు అత్తగారి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.